మొదటి మూడు చుట్లు

బానెట్ అంచున రెండు అరచేతులూ ఆనించి గణపతి కారు ముక్కును గట్టిగా కిందికి నొక్కి వదిలాడు. కారు లేచింది, దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. మూడోసారి సగం ఊగి నిలబడింది. వెనక్కి వెళ్లి డిక్కీ దగ్గర కూడా అలాగే నొక్కాడు. అక్కడ నాలుగుసార్లు ఊగింది. షాకబ్జార్బర్లు బాగున్న బండి ఒక్కసారి లేచి ఆగిపోవాలి.

"షాక్ ఖలాస్," అన్నాడు, కారు యజమానురాలితో.

ఆమె పేరు తుఫూల్. నల్లటి అబాయా మీద నర్సుల తెల్లకోటు వేసుకుని ఉంది. సలాలాకు ఉత్తరాన కొండమీద ఉన్న చిన్న ఆరోగ్యకేంద్రంలో పని. రోజూ పొద్దున ఎక్కి, మధ్యాహ్నం దిగుతుంది. కారు పదకొండేళ్ల నాటి చిన్న తెల్లబండి. చక్రాల గూళ్లలో కొండ ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది.

ఆగస్టు నెల. మన దగ్గర ఖరీఫ్ అంటే పంట. సలాలాలో ఖరీఫ్ అంటే మూడు నెలల ముసురు. గ్యారేజ్ రేకుల మీద వాన చప్పుడు వినబడదు, తేమ మాత్రం అన్నిటి మీదా పేరుకుంటుంది. పానాలు పొద్దున తుడిచి పెడితే మధ్యాహ్నానికి మళ్లీ చెమట పట్టి ఉంటాయి. వారం కింద కొండమీద మలుపులో పొగమంచులోంచి ఒంటె అడ్డం వచ్చిందని, స్టీరింగ్ తిప్పితే కారు ఒక పక్కకు ఒరిగి, వెనకభాగం జారి, రోడ్డు అంచు రాళ్ల దగ్గర ఆగిందని తుఫూల్ చెప్పింది. పనివాళ్లతో మాట్లాడే విరుపుల అరబ్బీలో, మధ్యమధ్య హిందీ మాటలు కలిపి, చేతిని కారులా ఒంచి చూపిస్తూ చెప్పింది.

"నాకు స్పీడు వద్దు. ఇలా ఒరగకూడదు. అంతే."

వెనక సీటులో అట్టపెట్టెలు ఉన్నాయి. ఆమె తమ్ముడు దుబాయి నుంచి తెప్పించిన సామాను. గట్టి షాక్‌లు, పొట్టి స్ప్రింగులు, లావుపాటి స్టెబిలైజర్ బారు, బుష్‌లు. గణపతి స్ప్రింగును బయటికి తీసి, పక్కన పాతది ఉందనుకుని కంటితో కొలిచాడు. కారును నాలుగు వేళ్ల మేర కిందికి దింపే రకం. కుర్రాళ్లు అందం కోసం వేయించుకుంటారు.

"ఇది తమ్ముడి కారుకు. నీకు కాదు," అన్నాడు. "నువ్వు పోయే దారిల మట్టిరోడ్డు ఉన్నది. కింద తగులుతది. షాక్ దబ్బున కూసుంటది. నా దగ్గర వేరే స్ప్రింగు ఉంది. కొంచెమే పొట్టి, కొంచెమే గట్టి."

సగం తెలుగులోనే అన్నాడు. ఆమెకు అర్థమైంది. "నీ ఇష్టం," అన్నట్టు తల ఊపింది.

షాకూ స్ప్రింగూ ఒకటిగా ఉండే స్ట్రట్‌ల పైభాగం చూడటానికి గణపతి బానెట్ ఎత్తాడు. లోపలికి వంగి ఎడమ చేయి దేనిమీదో ఆనించి, కుడిచేత్తో టార్చి వేసి చూస్తున్నాడు. మౌంటు రబ్బర్లు పగిలిపోయాయి. ఆ పక్కది ఇంకా నయం.

"హార్! హార్!"

వేడి, వేడి అని తుఫూల్ అరుస్తూ అతని మణికట్టు పట్టుకుని లాగింది. అప్పుడే రోడ్డు మీదినుంచి వచ్చి ఆగిన ఇంజను. అతని చేయి ఇంతసేపూ సైలెన్సర్ గొట్టం మొదట్లో, మూత విరిగిపోయిన చోట ఆని ఉంది. చిటికెన వేలు కింది కండ తెల్లగా అయి, చూస్తుండగానే ఎర్రబడింది. కాలిన వాసన కూడా వచ్చింది. గణపతి ఆ చేతిని వేరేవాళ్ల వస్తువును చూసినట్టు చూశాడు.

"నొప్పి లేదా?" అంది ఆమె.

"మాఫీ," అన్నాడు. లేదు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "షుగర్ ఉందా?"

"లేదు."

"మరి ఎప్పటినుంచి?"

గణపతి చేతిని చల్లటి నీళ్ల బకెట్లో ముంచాడు. ఆమె బ్యాగులోంచి మందు తీసి రాసి, గాజుగుడ్డ చుట్టింది. గుడ్డ మీద రబ్బరు గ్లవ్ తొడుక్కొమ్మంది. తరవాత ఒక టాక్సీ ఎక్కి డ్యూటీకి వెళ్లిపోయింది. అయిదింటికి వస్తానంది.

*

గణపతికి యాభై మూడేళ్లు. కోరుట్ల దగ్గర ఊరు. ఒమన్ వచ్చి ఇరవై నాలుగేళ్లు. మొదట సోహార్‌లో కట్టుబడి పనికి కూలీగా వచ్చాడు. రెండేళ్లు సిమెంటు మోశాక ఆ కంపెనీ మూతపడి, తెలిసినవాళ్లు సలాలాలో ఈ గ్యారేజ్‌లో చేర్చారు. ఇక్కడ మొదటి ఆర్నెల్లు టైర్లు విప్పాడు. ఆ తరవాత కారు కిందికి దూరి ఇప్పటిదాకా బయటికి రాలేదనే చెప్పాలి. ఇంజను పని అతనికి పట్టలేదు. కరెంటు పని అసలే రాలేదు. చక్రానికీ బాడీకీ మధ్య ఉండే సామాను మాత్రం పట్టింది. కారు గుంతలో పడితే వచ్చే చప్పుడు విని లింకురాడ్డా, బాల్‌జాయింటా, బుషా అని చెప్పేవాడు. లైసెన్సు లేదు. పరీక్షకు రెండుసార్లు వెళ్లి తప్పాడు, మూడోసారి వెళ్లలేదు.

పొట్టి మనిషి. కడుపు లేదు. ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది. వెంట్రుకలు చెవుల దగ్గర తెల్లబడ్డాయి, మీసానికి మాత్రం రంగు వేస్తాడు. చేతులు మనిషికి మించిన పెద్దవి. గోళ్ల చుట్టూ నల్లగీత సబ్బుకు పోదు, ఊరికి వెళ్లిన రెండు నెలల్లోనూ పోలేదు.

ఏ నట్టయినా మొదటి మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలని అతని పద్ధతి. నేర్పిన మలయాళీ మేస్త్రీ అలా చెప్పాడు. వేలికి నట్టు సాఫీగా తిరిగితే మర కుదిరినట్టు. ఎక్కడన్నా గరగర తగిలితే వెంటనే వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. మూడు చుట్లయ్యాకే ఎయిర్‌గన్. తొందరపడి మొదటినుంచే గన్‌తో కొడితే మర మీద మర ఎక్కి, నట్టు బిగిసినట్టే ఉంటుంది, బిగియదు.

వేళ్ల కొసలు ఎప్పుడు మొద్దుబారడం మొదలైందో గణపతికి గుర్తు లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌గన్ పట్టిన చేతులు. మొదట పొద్దునపూట మాత్రమే తిమ్మిరిగా ఉండేది. నీళ్లు పోసుకుంటే వదిలేది. తరవాత మధ్యాహ్నానికి వదిలేది. రంజాన్ వెళ్లాక ఒకరోజు టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలాక గాని, గ్లాసు చేతిలో లేదని తెలియలేదు. అప్పటినుంచి కంటితో చూస్తూ పని చేయడం అలవాటు చేసుకున్నాడు. కంటికి కనపడని చోట, గూటి వెనకాల, ఊహతో చేసేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని అనుకున్నదీ లేదు. రోజులు అలా గడిచాయి.

*

కారును రెండు స్తంభాల లిఫ్టు మీద ఎత్తాడు. చక్రాలు నాలుగూ విప్పి గోడకు వరసగా నిలబెట్టాడు. ముందు కుడిపక్క మొదలుపెట్టాడు. పాత స్ట్రట్ నూనె కారి, దుమ్ముపట్టి, మసిగుడ్డ చుట్టినట్టు ఉంది. దాన్ని ఊడదీసి వైస్‌లో బిగించి, స్ప్రింగుకు రెండు వైపులా కొక్కేలు తగిలించి, స్పానరుతో ఒకవైపు నాలుగు చుట్లు, ఇంకోవైపు నాలుగు చుట్లు, మార్చి మార్చి తిప్పుతూ స్ప్రింగును నలిపాడు. ఈ పనిలో అతను ఎవరితోనూ మాట్లాడడు. నలిగిన స్ప్రింగు కొక్కెం జారిందంటే మనిషి దవడ పగలగొడుతుంది. పైనట్టు విప్పి పాత షాక్‌ను బయటికి లాగి, కొత్తదాన్ని దూర్చి, కొత్త స్ప్రింగు తొడిగి, కొత్త మౌంటు రబ్బరు పెట్టాడు. కొక్కేలు వదిలేస్తూ స్ప్రింగు కొస గిన్నెలో తన గాడిలో కూర్చుందో లేదో టార్చి వేసి మూడువైపుల నుంచీ చూశాడు. ఇదివరకు అక్కడ వేలు పెట్టి చూసేవాడు.

పది దాటాక ఫోర్‌మన్ సర్దార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. కడప మనిషి. గణపతికన్నా ఎనిమిదేళ్లు చిన్న. పదిహేడేళ్లుగా ఇద్దరూ ఒకే గ్యారేజ్, ఒకే రూమ్.

"చేయికి ఏమాయ గణపతన్నా?"

"కాలింది."

"చూసుకోని చేయాల గదా. ఆయమ్మ పొద్దన్నే నాతో చెప్పింది. ఆ మనిషికి చేయి కాలినా తెలీలేదు, డాక్టరుకు చూపీ అనింది."

"చూపిత్త తియ్యి."

ఎవరో పిలిస్తే సర్దార్ వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు అన్నం బెల్లు. రూమ్ గ్యారేజ్ వెనకాలే. గణపతి పప్పు, అన్నం చెంచాతో తిన్నాడు. గుడ్డ చుట్టిన చేయి ఎడమదే అయినా కొన్నాళ్లుగా కుడిచేత్తో కూడా చెంచానే. మెతుకులు ముద్దకు ఎన్ని వచ్చాయో తెలియడం లేదు. తింటుండగా ఊరినుంచి భార్య యాదవ్వ ఫోన్ చేసింది. ఫోను గోడకు ఆనించి ఇటువైపు తిప్పాడు. ఆమె చాటలో తునికాకు ముందేసుకుని కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కడుతూనే ఉన్నాయి. ఆమె వాటివైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"తిన్నవా?"

"తింటున్న."

"ఏం కూర?"

"పప్పు."

"నిన్న గూడ పప్పే అంటివి. సునీత అచ్చింది పొద్దుగాల. చిన్నదానికి జరం తగ్గింది. కూలర్ కరాబయింది, అల్లుడు సూత్త అన్నడు."

"ఊఁ."

"ఏమైంది, గట్లున్నవ్?"

"ఏం లేదు. పనున్నది."

"ఎప్పుడత్తవు మల్ల? దసరాకన్న అత్తవా?"

"సూత్త."

ఆమె వేళ్లనే చూస్తున్నాడు గణపతి. ఒక బీడీ, ఇంకొక బీడీ. "యాదవ్వా, నీకు వేళ్లు తిమ్మిర్లు పడ్తయా?" అని అడిగాడు.

"పడ్తయ్. దులుపుకుంటే పోతది. ఎందుకు?"

"ఊకెనే."

*

రెండు గంటలకు ముందువైపు ఎడమ స్ట్రట్ ఎక్కించాడు. షాక్ కింది చివరను చక్రాన్ని మోసే ఇనుప చట్రానికి కలిపేవి రెండు లావుపాటి బోల్టులు. కారు బరువంతా, మలుపులో పడే లాగుడంతా ఆ రెండింటి మీదే. పై బోల్టు ఎక్కింది. కింది బోల్టుకు నట్టు వెనకవైపు, బ్రేకు గొట్టం చాటున ఉంది. కంటికి అందదు. కుడిచేయి వెనకనుంచి పోనిచ్చి నట్టు పెట్టి, మూడు వేళ్లతో తిప్పాడు. తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు. సాఫీగా తిరిగిందా, గరగరలాడిందా? వేళ్లు ఏమీ చెప్పలేదు. తిరిగిందని కూడా మణికట్టు కదలికను బట్టి అనుకున్నదే.

గన్ పెట్టి కొట్టాడు. టార్క్ రెంచి పెట్టి లాగాడు. లెక్క ప్రకారం ఎక్కడ టక్కుమనాలో అక్కడే టక్కుమంది. రెంచి పక్కన పెట్టి, రెండో పనికి లింకురాడ్డు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ టక్కు మాట నమ్మడానికి లేదని అతనికి తెలుసు. మర మీద మర ఎక్కినా రెంచి టక్కుమంటుంది. జూన్‌లో ఒక పికప్ అలాగే తిరిగొచ్చింది. తను కట్టిన బోల్టే, సగం మర ఊడి బయటికి వేలాడుతూ. పాత బోల్టు, అరిగిపోయింది అన్నాడు సర్దార్. గణపతి అవునన్నాడు.

లింకురాడ్డు కింద పెట్టాడు. లిఫ్టు కింద తల ఎత్తి చూశాడు. పైన కొత్త బారు, గోధుమరంగు పెయింటు వాసనతో, రెండు కొసలూ చాపుకుని ఉంది. బయట రోడ్డు మీద లారీ రివర్సు కొడుతూ కూస్తోంది. గణపతి లాంగ్‌స్పానరు తీసుకుని ఎడమ కింది బోల్టుకు పెట్టి వెనక్కి లాగాడు. నట్టు ఒక పావు చుట్టు వచ్చి బిగుసుకుంది. ఇంకా లాగితే కీచుమంటూ, ఇనుప పొట్టు రాలుస్తూ వచ్చింది. చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. బోల్టు మరలు ఒకవైపు పూర్తిగా నమిలేసినట్టు ఉన్నాయి.

అతనికి భయం వేయలేదు. వేయాలని తెలుసు, కొండ దారీ పొగమంచూ కళ్ల ముందుకు తెచ్చుకుని చూశాడు కూడా. వేయలేదు. బోల్టును నేల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, సర్దార్ కూర్చునే అద్దాల గదికి వెళ్లాడు.

"సర్దార్ భాయ్, తెల్లబండి బోల్టులన్నీ ఒక్కసారి నువ్వు సూడు."

"నేనెందుకు? నువ్వు కట్టినేటివి నేను చూసేదేంది కొత్తగా?"

"సూడు."

సర్దార్ తల ఎత్తాడు. గణపతి రెండు చేతులూ బల్లమీద బోర్లా పెట్టి, "తెలుస్తలేదు భాయ్, వేళ్లకు," అన్నాడు.

సర్దార్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. జేబు తడిమి, బల్ల సొరుగు లాగి, ఒక నట్టు పైకి తీశాడు. "కండ్లు మూసుకో. చేయి చాపు." గణపతి కుడిచేయి చాపి కళ్లు మూసుకున్నాడు. 

"ఏముండాది చేతిలో?"

గణపతి వేళ్లు మెల్లగా ముడిచాడు. "నట్టు," అన్నాడు.

 గణపతి కళ్లు తెరిచి చూశాడు. అరచేతిలో ఏమీ లేదు. నట్టు సర్దార్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అలాగే ఉంది.

"యా అల్లా," అన్నాడు సర్దార్ గొంతు తగ్గించి. "ఎన్నాళ్లనుంచి అన్నా?"

"రంజాన్ పోయినకాడికెల్లి సక్కగ తెలుస్తలేదు. మే నెలకెల్లి మొత్తానికే లేదు."

"నాతో ఒక మాట చెప్పకూడదా?"

 ఇద్దరూ బయటికి వచ్చారు. సర్దార్ చొక్కా చేతులు మడిచి, చాలా రోజుల తరవాత కారు కిందికి వెళ్లాడు. ఒక్కొక్క నట్టూ విప్పి, తన వేళ్లతో మూడు చుట్లు తిప్పి, మళ్లీ కట్టుకుంటూ పోయాడు. గణపతి పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. కుడిపక్క స్టెబిలైజర్ బారు బ్రాకెట్టు దగ్గర సర్దార్ చేయి ఆగింది. వెనక్కి తిప్పాడు. అదీ అంతే. బోల్టు తీసి, గణపతికి చూపించి, కొత్తది తెమ్మని సైగ చేశాడు.

వెనక షాక్‌లు రెండూ సర్దార్ కట్టాడు. బుష్‌లు ప్రెస్సులో నొక్కే పని గణపతి చేశాడు. దానికి వేళ్లు అక్కర్లేదు. అలైన్‌మెంటు రాంపు ఎక్కించాక చక్రాలు లోపలికీ బయటికీ ఎంత తిరిగి ఉండాలో గణపతి చెప్పాడు, సర్దార్ కట్టాడు. మిషన్ చూపించే లెక్క కన్నా ముందుచక్రాలు వెంట్రుకవాసి లోపలికి ఉంచమన్నాడు. తడిరోడ్డు మీద బండి సూటిగా పోతుంది.

"మిషన్ కాడ ఉండిపో నువ్వు," అన్నాడు సర్దార్ స్క్రీను వైపు చూస్తూనే. "రేపట్నుంచి స్పానరు పట్టొద్దు. ఇది చూసుకో, టెస్టుకు పక్కన కూర్చోని పో. ఎవరికీ చెప్పే పనిలేదు. గ్యారేజ్ ఆయనదైనా అర్బాబ్ కూడా అడగడు."

"మరి కట్టినయి?"

"ఏవి?"

"మేకెల్లి కట్టినయి. ఏ బండికి ఏం కట్టిన్నో నాకు ఎర్కనా?"

సర్దార్ మౌస్ వదిలేశాడు.

"అన్నింటినీ పిలువు భాయ్. మల్ల సూడాలె."

"అన్నింటినీ పిలిస్తే అర్బాబ్‌కు తెలీకుండా యాడ పోతాది? ఆలోచన చేసే మాట్లాడతాండావా?"

"తెల్వనీ."

*

అయిదింటికి తుఫూల్ వచ్చింది. టెస్టుకు సర్దార్ నడుపుతానంటే, వద్దు, తనే నడిపి చూడాలి అంది. గణపతి పక్కసీట్లో కూర్చున్నాడు.  రోడ్డు పక్కన కొబ్బరిబొండాల దుకాణాలు, అరటిగెలలు, ముసురు చూడటానికి మస్కట్ నుంచీ దుబాయి నుంచీ వచ్చినవాళ్ల పెద్ద పెద్ద కార్లు. కొండ మొదట్లోనే పొగమంచు దిగి ఉంది. రెండు వైపులా గడ్డి. మిగతా తొమ్మిది నెలలు బూడిదరంగులో ఉండే కొండ ఇదేనంటే నమ్మరు.

మొదటి మలుపు ఆమె భయంభయంగా తీసుకుంది. రెండోది కొంచెం ధైర్యంగా. గణపతి కళ్లు మూసుకుని, నడుము సీటుకు ఆనించి, తల కొద్దిగా వంచి కూర్చున్నాడు. వేళ్లు పోయినా వెన్ను ఉంది. ముందు చక్రం గుంతలో దిగి, ఒక్కసారి లేచి, ఆగింది. మలుపులో బాడీ ఒరగబోయి, బారు పట్టుకోగానే నిలిచింది. వెనకభాగం ముందుభాగం వెనకే, ఆలస్యం లేకుండా తిరిగింది. ఎడమ వెనక చక్రం దగ్గర చిన్న చప్పుడు. కొత్త బుష్, రెండు రోజుల్లో కూర్చుంటుంది.

ఒంటె అడ్డం వచ్చిన మలుపు దగ్గర ఆమె వేగం తగ్గించి, చూసి, మళ్లీ మామూలుగా తిప్పింది. కారు పట్టాల మీద పోయినట్టు పోయింది. పైన రోడ్డు పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"వేరే కారు," అంది.

"గదే కారు," అన్నాడు గణపతి.

ఆమె నవ్వింది. తరవాత అతని గుడ్డ చుట్టిన చేతిని చూసింది. "హాస్పిటల్‌కు వెళ్లు. నరం పరీక్ష ఉంటుంది. కొంత తిరిగి రావచ్చు. రాకపోవచ్చు. అదిరే ఆ మిషన్ పట్టుకోవడం మాత్రం ఆపాలి." చెప్పినది మళ్లీ ఒకసారి నెమ్మదిగా చెప్పింది.

"బోల్టులు రెండు తప్పు కట్టిన," అన్నాడు గణపతి. "నీ బండికి. మా ఫోర్‌మన్ సరిజేసిండు. చెప్పాలె గదా, చెప్తున్న."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. కొంతసేపు అద్దం బయట పొగమంచును చూసింది. అద్దం తుడిచే కర్రలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. తరవాత గేరు వేసి కారును కిందికి తిప్పింది.

ఆ రాత్రి గణపతీ సర్దారూ జాబ్‌కార్డుల బుక్కు ముందేసుకుని కూర్చున్నారు. మే ఒకటి నుంచి గణపతి చేయి పడినవి ముప్పై ఒకటి. సర్దార్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఫ్రీ చెకింగ్ ఉంది, తప్పకుండా రావాలి అని చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు, ఇద్దరు తిట్టారు. తుమ్రైత్ అనే ఎడారి ఊరి వైపు నడిచే ఒక జీపు నంబరు మాత్రం మోగి మోగి ఆగిపోయింది. దాని ముందుచక్రాలు రెండూ గణపతే కట్టాడు. ఆ కార్డును సర్దార్ బుక్కులోంచి చింపి అద్దానికి అంటించాడు.

*

మర్నాడు పొద్దున గ్యారేజ్ ముందు పదకొండు కార్లు నిలబడి ఉండటం అర్బాబ్ చూశాడు. ఆయన పేరు సాలిం, ముసలివాడు. మోకాళ్లు లేవనివ్వవు. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, సర్దార్ చెప్పినదంతా విన్నాడు. ఆ రోజూ మర్నాడూ వచ్చిన కార్లలో నాలుగింటికి తప్పు కట్టు దొరికింది. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. అర్బాబ్ కేకలు వేయలేదు. గణపతిని పిలిచి, చేయి తన చేతిలోకి తీసుకుని, వేలి కొసను గోటితో నొక్కి, ముఖం చూశాడు.

"గనబతి, ఖలాస్," అన్నాడు. "ఇంటికి వెళ్లు. పిల్లల దగ్గర ఉండు."

సర్దార్ మిషన్ సంగతి ఎత్తాడు. అర్బాబ్ చేయి ఊపాడు. పేరు పోయింది, ఆ మనిషి ఇక్కడ కనపడితే జనం కారు ఇవ్వరు అన్నాడు. అందులో అబద్ధం లేదని గణపతికి అనిపించింది.

వీసా రద్దుకు పది రోజులు పట్టింది. ఒక పూట తుఫూల్ చెప్పిన హాస్పిటల్‌కు వెళ్లి వైర్లు అంటించుకుని పడుకుని వచ్చాడు. కాగితం ఇచ్చారు. అందులో రాసింది సర్దార్ చదివి, "ఆలస్యమాయ అంటాండారు," అని మడిచి ఇచ్చాడు. మిగిలిన రోజులు గణపతి అద్దాల గదిలో కూర్చుని తుమ్రైత్ నంబరుకు పొద్దునా సాయంత్రం ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. యాదవ్వకు వస్తున్నానని చెప్పాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఎన్ని రోజులకని అడిగింది. మొత్తానికే అన్నాడు. కొంచెంసేపు ఆమె చేతులు ఆగాయి. తరవాత, "రా," అంది.

ఇల్లు తలుచుకుంటే సంతోషంగా ఉందా, ఇది వదిలిపోతున్నందుకు దిగులుగా ఉందా అని పడుకున్నప్పుడు ఒకటి రెండుసార్లు తనను తాను తడిమి చూసుకున్నాడు. ఏదీ తగల్లేదు. నిద్ర మాత్రం పట్టింది.

వెళ్లే రోజు మధ్యాహ్నం ఫ్లైటు. సర్దార్ కారులో దించాడు. ఎయిర్‌పోర్టు బయట ఇద్దరూ దిగారు.

"ఆ జీపు సంగతి మరువకు," అన్నాడు గణపతి.

"రోజూ చేస్తా."

"ఎత్తేదాక చెయ్యి."

"చేస్తాలే అన్నా. పో, లైను పెరుగుతాండాది."

సర్దార్ చేయి కలిపాడు. గణపతి తన చేయి అతని చేతిలో ఉందని కంటితో చూసి, సరిగ్గా పట్టుకుని, వదిలాడు. సూట్‌కేసు చక్రాలు టైల్స్ మీద చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాయి.

సర్దార్ గ్యారేజ్‌కు తిరిగి వచ్చేసరికి నాలుగైంది. రూమ్‌లో గణపతి మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది. అద్దం దగ్గర మీసం రంగు డబ్బా లేదు, గోడమీద క్యాలెండరు లేదు. చెప్పుల చోటు తుడిచి ఉంది. ఏమీ మరిచిపోలేదు అనుకుంటూ సర్దార్ మొహం కడుక్కోవడానికి వెనకతలుపు తీశాడు. మూడు రోజుల కింద ఉతికి ఆరేసిన నీలంరంగు డ్యూటీ చొక్కా తీగమీద ఉంది, జేబు మీద తెల్లదారంతో కుట్టిన గణపతి పేరుతో, ముసురులో ఇంకా ఆరక, అంచునుంచి ఒక్కొక్క చుక్కే జారుస్తూ.